ఒక్క మాటలో చెప్పండి

మా బావకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా పనికిరావడం లేదు. బయట అందరూ ఆయన్ని ఒక్కమాటాయన అంటారు. రోజూ పొద్దున ఎనిమిదింటికి టీవీలో చర్చ నడుపుతాడు. ఎదుటివాడు నోరు తెరవడమే ఆలస్యం, "ఒక్క మాటలో చెప్పండి!" అని బల్ల గుద్దుతాడు. పాపం ఆ మనిషి నిజంగానే ఒక్క మాటలో చెప్పాడనుకోండి, "అంతేనా? ప్రజలకి మీరిచ్చే సమాధానం ఇదేనా?" అని మళ్ళీ గుద్దుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెంటికీ మధ్య మా బావ, ఇస్త్రీ నలగని కోటులో.

నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. ఆయన చలవ వల్లే అదే చానెల్లో, కంట్రోల్ రూమ్‌లో పని చేస్తున్నాను. స్టూడియోకి పై అంతస్తులో ఉన్న అద్దాల గది అది. ఏసీ చలికి ఎండాకాలంలో కూడా స్వెట్టర్ వేసుకుని కూర్చోవాలి. ఎదురుగా జనానికి వెళ్ళేది చూపించే పెద్ద తెర ఒకటి, చిన్న తెరలు ఎనిమిది, ముందు ఒక మైకు, దాని పక్కన మీటల వరస. మైకులో నేనన్న మాట బావ చెవిలో దూర్చిన బుడిపెలోకి పోతుంది, ఇంకెవరికీ వినబడదు. "గట్టిగా", "వదలకు", "ఆ బట్టతలాయన్ని కెలుకు" అంటూ ఉంటాను. ఆయన అరుస్తున్నాడని లోకం అనుకుంటుంది. ఆ అరుపుల్లో సగానికి ముడిసరుకు నాది.

నాకు ఇంకో పని కూడా ఉంది. మా చానెల్ యజమానికి లోకంలో ఒకటే భయం, నిశ్శబ్దం. తెర మీద మూడు సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే చూసేవాడు చానెల్ మార్చేస్తాడని ఎవరో ఆయన చెవిలో ఊదారు. అప్పట్నుంచి మా గది గోడ మీద రూలు అంటించారు. మూడు సెకన్లు నిశ్శబ్దంగా ఉంటే వెంటనే ప్రకటనలు వేసేయాలి. లెక్కపెట్టేది నేను. ఒకటి, రెండు, మూడు, ఎర్ర మీట. ఒకసారి నొక్కామా, రెండు నిమిషాల పది సెకన్లు దేవుడు దిగొచ్చినా ఆపలేడు. మా బావ ఉన్నచోట నిశ్శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుందంటారా? వస్తుంది. అతిథికి పొలమారుతుంది, ఫోన్ లైను తెగుతుంది. నెలకి రెండు మూడుసార్లు నొక్కుతూనే ఉంటాను. నొక్కాలని అనుకోనక్కర్లేదు, చెయ్యి దానంతటదే పోతుంది.

మొదట్నుంచీ బావ ఇలాంటివాడు కాదు. పెళ్ళినాటికి నోట్లో నాలుక లేని మనిషి. రేడియోలో కూరగాయల ధరలు చదివేవాడు. టమాటా ధర పెరిగిందని చెప్పేటప్పుడు ఆయన గొంతులో తప్పంతా తనదే అన్నట్టు ఉండేది. మా అక్క మాటల పుట్ట. మొదటిసారి కలిసినప్పుడు ఈవిడ గంటంబావు గుక్కతిప్పుకోకుండా మాట్లాడిందట. ఆయన మధ్యమధ్యలో "ఊఁ" అనడం తప్ప ఒక్కసారి కూడా అడ్డు రాలేదట. "ఇలా వినే మగాడు భూతద్దం పెట్టి వెతికినా దొరకడురా, చేసుకుంటున్నాను" అంది నాతో. చేసుకుంది.

తర్వాత ఆయన ఈ చానెల్లో వార్తలు రాసే పనికి కుదిరాడు, వెనకాలే నన్నూ కంట్రోల్ రూమ్‌లో పెట్టించాడు. ఒకరోజు చర్చ నడిపే మనిషికి గొంతు పోయింది. చేతికి దొరికిన బావని కూర్చోబెట్టారు. వచ్చిన పెద్దమనుషులిద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే, బావ బళ్ళో పిల్లాడిలా చూపుడువేలు ఎత్తి, వాళ్ళ అనుమతి కోసం ఎదురుచూస్తున్నాడు. పైనుంచి చూస్తున్న నాకు తల కొట్టేసినట్టయింది. "బావా, పరువు పోతోంది, ఏదో ఒకటని ఆపు!" అన్నాను చెవిలో. ఆయన అదిరిపడి "ఒక్క మాటలో చెప్పండి!" అని కేక పెట్టాడు. కంగారులో చెయ్యి బల్లకి తగిలి నీళ్ళ గ్లాసు బోర్లాపడింది. నీళ్ళన్నీ ఒకాయన ఒళ్ళోకి పోయాయి. ఆ నిమిషంలో చూసినవాళ్ళ సంఖ్య రెట్టింపైందని వారం తర్వాత యజమాని పిలిచి చెప్పాడు. ఆ కుర్చీ బావకిచ్చేశారు. ఇప్పటికీ బల్లమీద రోజూ నిండు గ్లాసు పెడుతున్నాం, ఎందుకైనా మంచిదని.

తొమ్మిదేళ్ళలో బావ టీవీ చర్చల భాషలో ఆరితేరాడు. ఆ భాష వేరు. "మీ దగ్గరికే వస్తున్నా" అంటే ఇవాళ్టికి నీ గొడవ మాకు అక్కర్లేదని. "ఒక్క నిమిషం" అంటే నోరు ముయ్యమని. "ప్రజలు అడుగుతున్నారు" అంటే మా యజమాని అడుగుతున్నాడని. "సమయం లేదు" అంటే నువ్వు చెప్పేది అర్థవంతంగా ఉంది, అది మాకు పడదని. ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారొకాయన మూడు వారాలు వరసగా వచ్చాడు. ప్రతిరోజూ బావ ఆయనతో "మాస్టారూ, మీ దగ్గరికే వస్తున్నా" అన్నాడు. ఇరవయ్యొకటో రోజున మొహానికి పూసిన రంగు తుడుచుకుంటూ ఆ పెద్దాయన నన్నడిగాడు. "బాబూ, ఇంతకీ మీ బావగారు బయల్దేరారా?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా బావ రచ్చ గెలిచి, ఆ అరుపులతోనే ఇంటికొచ్చాడు. కుళాయి కారుతోందని ప్లంబర్‌ని పిలిస్తే, బావ చేతులు వెనక్కి కట్టుకుని అతని ముందు నిలబడ్డాడు.

"ఈ లీకేజీకి బాధ్యులెవరు? సూటిగా చెప్పండి."

"వాషర్ పోయింది సార్."

"అంటే మీరు తప్పించుకుంటున్నారు."

"అయితే ఆ వాషర్‌నే అడగండి సార్" అని అతను పానాలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. కుళాయి ఇంకో నాలుగు రోజులు కారింది.

భోజనాల దగ్గర అక్క "ఉప్పు సరిపోయిందా?" అంటే, "దీనిమీద రెండు రకాల వాదనలున్నాయి" అనేవాడు. "రెండో రకం ఎవరిదండీ? వండింది నేను, తింటోంది మీరు!" అని అక్క గరిటె చూపించేది. మేం నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు వాళ్ళ కూతురి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది.

చిట్టి అంటాం దాన్ని. పదకొండేళ్ళు. చిన్నప్పట్నుంచీ కాస్త నత్తి. మాట ఒక్కోసారి మొదట్లోనే ఇరుక్కుపోతుంది. అప్పుడు శబ్దమే రాదు. పెదాలు బిగుసుకుంటాయి, మెడ నరం పైకి లేస్తుంది, కళ్ళు మాత్రం మన మొహం వైపే చూస్తుంటాయి. కాసేపు ఆగితే మాట వచ్చేస్తుంది. ఆగడానికి మా బావ ఎవరు? "స్కూలా? టీచరా? పెన్సిలా? త్వరగా అమ్మా, ఒక్క మాటలో!" అని వరసగా అందించేవాడు. పిల్లకి విసుగొచ్చి ఏదో ఒకదానికి తలూపేసేది. ఆయన పెన్సిలంటే పెన్సిలే. అలా దానికి అక్కర్లేని పెన్సిళ్ళు ఇంట్లో ముప్ఫై పోగయ్యాయి.

నా దగ్గర దానికి కొంచెం నయం. ఆఫీసు నుంచొచ్చాక నేను సోఫాలో అడ్డంగా పడి ఉంటాను, ఎవరేం చెప్పినా వింటాను. అది ఓపిక కాదు, బద్ధకం. అయినా ఈ ఇంట్లో పిల్ల మనసు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

ఒకరోజు చిట్టి బడికి పోనని మంచం దిగలేదు. అక్క పక్కన కూర్చుని గంటసేపు బతిమాలితే విషయం బయటపడింది. క్లాసులో టీచర్ ప్రశ్న అడిగిందట. ఇది లేచి నిలబడింది, మాట ఇరుక్కుంది. వెనక బెంచీలో ఎవరో బల్ల గుద్ది "ఒక్క మాటలో చెప్పండి!" అన్నారట. అంతే, క్లాసు క్లాసంతా బల్లలు గుద్దుతూ అదే మాట. టీచర్ కూడా నవ్విందట. అది మొదటిసారి కాదు, రెండు నెలలుగా రోజూ జరుగుతోంది. వాళ్ళ నాన్న మాటతోనే దాన్ని కొడుతున్నారు.

అక్క ఇదంతా చెప్పాక బావ ఆవేశంగా లేచి, "ఇది ప్రతి ఒక్కరూ ముక్తకంఠంతో..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. అలాగే కుర్చీలో కూలబడ్డాడు. తొమ్మిదేళ్ళలో ఆ మనిషి తనంతట తాను మాట ఆపడం నేను చూడ్డం అదే మొదలు.

మాటల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. నేనూ వెళ్ళాను. ఆవిడ మెత్తగా మాట్లాడింది కానీ మొహమాటం లేదు. "నత్తి ఎవరి తప్పూ కాదండీ. దానితో హాయిగా బతకొచ్చు. కానీ తొందరపెట్టేకొద్దీ పిల్లలు అసలు మాట్లాడ్డమే మానేస్తారు. మీ పాప ఆ అంచున ఉంది. రోజూ పది నిమిషాలు మీరు ఎదురుగా కూర్చుని వినండి. మాట అందించొద్దు, ప్రశ్న వెయ్యొద్దు, మొహం తిప్పొద్దు."

"డాక్టర్ గారూ, అంటే మీరనేది..." అన్నాడు బావ.

"ఇదే, సరిగ్గా ఇదే వద్దంటున్నాను" అంది ఆవిడ.

మర్నాటి నుంచి సాయంత్రం పూట మా ఇంట్లో పరీక్ష మొదలైంది. అక్క గడియారం పట్టుకుని కూర్చునేది. మొదటిరోజు బావ పంతొమ్మిది సెకన్లు ఓర్చుకున్నాడు. రెండోరోజు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, బల్ల గుద్దకుండా. మూడో రోజు ఆ ముప్ఫై పెన్సిళ్ళలో ఒకటి తీసి పళ్ళ మధ్య కరిచిపట్టుకున్నాడు. వారంలో నాలుగు పెన్సిళ్ళు నమిలేశాడు. నేను సోఫాలోంచి పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. "బావా, చిన్న విరామం తీసుకో!" అని వెక్కిరించేవాణ్ణి. ఆయన నా వైపు తిరిగేవాడు కాదు. తిరిగితే మొహం తిప్పినట్టవుతుందని భయం.

నాలుగో వారంలో ఒకరోజు చిట్టి బడి మెట్ల కింద పిల్లి పిల్లల్ని పెట్టిన సంగతి చెప్పింది. ఇరుక్కుంటూ, ఆగుతూ, నవ్వుతూ తొమ్మిది నిమిషాలు చెప్పింది. బావ పెన్సిల్ లేకుండానే విన్నాడు. తర్వాత వంటింట్లోకొచ్చి నా భుజం పట్టుకున్నాడు. "ఒరేయ్, అదెంత బాగా చెబుతుందిరా! తల్లి పిల్లి ఎవర్నీ నమ్మకుండా ఒక్కొక్క పిల్లనీ చోటు మార్చిందని చెప్పింది చూడు, అబ్బ! నా కూతురు ఇలా మాట్లాడుతుందని నాకు తెలీదురా. ఇన్నేళ్ళూ నేను దేనికి తొందరపడ్డాను?" అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. ఏం చెయ్యాలో తెలీక నేను టీ పెట్టాను.

ఇలాంటివి దాగుతాయా? యజమాని చెవిన పడింది. మర్నాడే బావని పిలిచాడు. "మన పిల్లల మాట మనం వింటున్నామా? అద్భుతమైన అంశం! మీ అమ్మాయినే కూర్చోబెడదాం" అన్నాడు. బావ కుదరదన్నాడు. యజమానికి ఆయన కుదరదనడం అదే మొదటిసారి. ఉద్యోగం పోయినా సరే అని ఇంటికొచ్చి చెబుతుంటే, చిట్టి విని తను వస్తానంది.

"స్కూ...లు తొమ్మిదిన్నరకి. మా క్లా...సు వాళ్ళంతా ఇంట్లో చూ...స్తారు. నే...ను ఒకటే చెప్పాలి" అంది.

డాక్టరమ్మని అడిగితే, పాప తనకి తానుగా కోరుకుంటే అడ్డు చెప్పొద్దంది. బావ దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "నువ్వు ముగించేదాకా నేను నోరు తెరవను. ప్రామిస్" అన్నాడు. చిట్టి క్లాసులో అందరికీ చెప్పుకుంది. ముందు రాత్రే వేసుకునే బట్టలు కూడా తనే ఎంచుకుంది.

ఆ రోజు చర్చకి ఒక మనస్తత్వ నిపుణుడు, ఒక పార్టీ ప్రతినిధి వచ్చారు. పిల్లల మాట వినాలా అంటే కూడా ఆ ప్రతినిధి వెనకటి ప్రభుత్వం దగ్గరికే వెళ్ళాడు. తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు. ముప్పావుగంట అలా గడిచాక బావ కుర్చీ చిట్టి వైపు తిప్పాడు. రెండు చేతులూ బల్లమీంచి తీసేశాడు.

"చిట్టీ, నువ్వు చెప్పు. నేను వింటాను" అన్నాడు.

చిట్టి కెమెరా వైపు చూసింది. నోరు తెరిచింది. "నే..." అంది. మాట ఇరుక్కుంది. పెదాలు బిగుసుకున్నాయి, మెడ నరం లేచింది. పార్టీ ప్రతినిధి అందుకోబోతే బావ అరచెయ్యి చూపించి ఆపాడు. స్టూడియో అంతా నిశ్శబ్దం.

ఒకటి. అది నా మేనకోడలని నాకు తెలుసు. కాసేపు ఆగితే మాట వచ్చేస్తుందని కూడా తెలుసు, సోఫాలో పడుకుని వెయ్యిసార్లు చూశాను. రెండు. "మాట్లాడు బావా, ఏదో ఒకటి మాట్లాడు!" అని మైకులో అరిచాను. ఆయన చెవిలోంచి బుడిపె పీకి బల్లమీద పెట్టేశాడు. మూడు. చెయ్యి పోయింది.

పెద్ద తెర మీద ఒకావిడ సబ్బు నురగలో నవ్వుతూ ప్రత్యక్షమైంది.

చిన్న తెరలో మాత్రం స్టూడియో కనబడుతూనే ఉంది, వినబడుతూనే ఉంది. కెమెరా మీద ఎర్రదీపం ఆరిపోవడం బావ చూసే ఉంటాడు. చూపు మాత్రం కూతురి మీంచి తిప్పలేదు. "నే...ను చె...ప్పేదాకా ఆ...గండి" అంది చిట్టి. పూర్తిగా చెప్పింది. ఇరవైమూడు సెకన్లు పట్టింది. చెప్పి, వాళ్ళ నాన్న వైపు తిరిగి నవ్వింది. దాని క్లాసువాళ్ళందరూ ఆ సమయంలో సబ్బు చూస్తున్నారు.

కింద స్టూడియోలో పనిచేసే మనిషి బావ దగ్గరికెళ్ళి, "మూడు సెకన్లు దాటిందని పైనుంచి మీ బావమరిదిగారు బ్రేక్ వేసేశారు సార్" అని చెప్పడం కూడా విన్నాను. చిట్టి నవ్వు ఆగిపోయింది. బావ దాని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళిపోయాడు. మిగిలిన పది నిమిషాలూ ఆ పార్టీ ప్రతినిధి ఒక్కడే మాట్లాడాడు. ఎవరూ ఆపలేదు. అతని జన్మ ధన్యమైంది.

వెంటనే అక్క ఫోన్. "ఎవడ్రా ప్రకటనలు వేసిన వెధవ?"

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. నేనే. కానీ నా నోట్లోంచి ఇంకోటి వచ్చింది. "బావే సైగ చేశాడక్కా. ఏం చేస్తాడు, తొమ్మిదేళ్ళ అలవాటు కదా." ఎంత ధారాళంగా వచ్చిందో! ఎక్కడా ఇరుక్కోలేదు. అక్క వెంటనే నమ్మేసింది. బావ ఎవరి మాటో మధ్యలో తెంచాడంటే నమ్మనివాళ్ళెవరు? ఆ మాత్రం పేరు ఆయన సంపాదించుకున్నాడు.

చర్చ ముగియగానే భయపడుతూనే ఇంటికెళ్ళాను. పోకపోతే గుమ్మడికాయల దొంగలా ఉంటుంది. హాల్లో అక్క బావని దులిపేస్తోంది. "మాటిచ్చి కన్నకూతురి గొంతు నొక్కుతారా? మూడు సెకన్లు ఆగలేకపోయారా? మీరసలు మనిషేనా?" బావ కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూశాడు. ఇప్పుడు బల్ల గుద్ది నా బండారం బయటపెడతాడనుకున్నాను. పెట్టలేదు. తల దించుకుని తిట్లన్నీ విన్నాడు. ఇన్నేళ్ళలో తను నొక్కిన నోళ్ళకి ఇది తనకి రావలసిందే అనుకున్నాడో, బావమరిదిని కాపాడదామనుకున్నాడో నాకు తెలీదు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

చిట్టి కింద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుతోంది. తలెత్తింది. "నా..." అంది. ఇరుక్కుంది.

అక్క తిట్టడం ఆపేసింది. బావ కుర్చీ జరిపి దాని వైపు తిరిగాడు. ఏం రాబోతోందో నాకు అర్థమైపోయింది. ఆ పిల్లకి మాట రాకుండా ఉంటే బాగుండునని దేవుడికి మొక్కుకున్నాను. అంత నీచానికి దిగాను.

"నా...న్..."

"నాన్న కావాలని చెయ్యలేదు, అంతేగా చిట్టీ?" అని నేను అందించేశాను. "అది చెప్పేది అదే అక్కా, నాన్న పొరపాటున..."

"నువ్వాగరా! దాన్ని చెప్పనీ" అంది అక్క.

చిట్టి మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టింది. ఎవరూ కదల్లేదు. వృత్తిరీత్యా నాకు సెకన్లు లెక్కపెట్టడం తప్ప ఇంకేం రాదు. అర నిమిషం పైనే పట్టింది.

"నా...న్న కాదు. మీ...ట నొక్కింది మా...మయ్య."

ముగ్గురూ నా వైపు తిరిగారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ ప్రశ్న వెయ్యలేదు, అడ్డు రాలేదు. నాకెంత సమయం కావాలంటే అంత సమయం ఇచ్చి, కూర్చున్నారు.

"అది కాదక్కా..." అన్నాను. ఆ తర్వాత నాకు మాట రాలేదు.